వినుట అను సేవ: అరకు కొండలలో ఒక వేసవి

ప్రహ్లాదుడు తన తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తిమార్గములలో శ్రవణము మొదటిది. కీర్తనము దాని తరువాతిది. పాడుటకంటె వినుటను ముందుంచుటలో గొప్ప అంతరార్థము కలదు. విననివాడు పాడలేడు. చెవి శుద్ధి కాక నోరు శుద్ధి కాదు. అయినను మనలో పెక్కుమంది పాడుట మాత్రమే సాధన యనియు, వినుట ఊరక కూర్చుండుట యనియు తలంతుము. వినుటకును సాధన కలదు, నియమము కలదు, కాలము కలదు. ఈ సంగతి నాకు శాస్త్రగ్రంథముల వలన కాక, తూర్పు కనుమలలోని ఒక గిరిజన గ్రామమున ఒక వృద్ధురాలి మాట వలన తెలిసినది. ఆ వృత్తాంతమును భక్తుల యెదుట నుంచుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

చైత్రము: కొండ దిగువ సంగీతము

ఉత్తరాంధ్రము సంగీతమునకు పుట్టినిల్లు వంటిది. 1919లో విజయనగరమున సంగీత కళాశాల నెలకొన్నపుడు దానికి ప్రథమాధ్యక్షుడైనవారు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945). ఆయన తరువాత ఆ పీఠము నలంకరించినవారు వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఈ ప్రాంతమున పుట్టి పెరిగిన వారికి వేసవి యనగా శ్రీరామనవమి పందిళ్ళు, రాత్రి హరికథలు, తెల్లవారుజామున ఇంటికి చేరుట. నేనును ఆ అలవాటున పెరిగినవాడనే.

కొన్నేండ్ల క్రిందట ఒక వేసవి నంతయు పాట వినుటకే వినియోగింపవలెనని సంకల్పించితిని. ఇంట యంత్రములో నిక్షిప్తమైన పాటలు వేలకొలది యున్నవి. కావలసినపుడు వినవచ్చును, వలదన్నపుడు ఆపవచ్చును. ఆ సౌకర్యమే నా చెవిని సోమరిని చేసినదని నాకు తోచెను. కావున పాడువారి యెదుట కూర్చుండి వినుటయే ఆ వేసవి నియమము.

నవమి మొదలు ఏకాదశి వరకు ఏ కొరతయు లేదు. రామనవమి పందిట రెండు రాత్రులు హరికథ వింటిని. చైత్ర శుద్ధ ఏకాదశి నాడు సింహాచలమున శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి కల్యాణోత్సవము. ఆ రాత్రి నాదస్వరము విని నిలువునా పులకించితిని. ఆ స్వామి సన్నిధిలోనే పదమూడవ శతాబ్దమున కృష్ణమాచార్యులు సింహగిరి వచనములను పలికెను. తెలుగున వచన సంకీర్తనమునకు ఆయనయే ఆద్యుడు. తరువాతి కాలమున సంకీర్తన లక్షణమును నిర్వచించిన తాళ్ళపాకవారు సైతము ఆయనను స్మరించిరి.

కల్యాణమునకు వచ్చిన ఒక ఉపాధ్యాయుడు మాటల సందర్భమున నాతో నిట్లనెను: “మాస్టారూ, మీరు కొండ దిగువ పాట విన్నారు. కొండ మీది పాట వినలేదు. నేను పనిచేసే ఊరికి రండి.” ఆయన అరకు లోయకు సమీపమున ఒక గ్రామమున పనిచేయుచుండెను. ఆ మాట నా మనసున నాటుకొన్నది.

కొండ యెక్కిన రైలు

విశాఖపట్టణమున ఉదయము బయలుదేరు కిరండూల్ రైలు సింహాచలము ప్రక్కగా పోయి కొత్తవలస వద్ద కొండల వైపు తిరుగును. బైలడిలా గనులలోని ఇనుప ఖనిజమును విశాఖ ఓడరేవునకు చేర్చుటకై 1960 దశకమున వేసిన మార్గమిది. సొరంగములు దాటి, బొర్రా గుహలను దాటి, రైలు క్రమముగా పైకెక్కును. అరకు లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. దిగువ ఎండ మండుచుండగా అక్కడ సాయంకాలము దుప్పటి కప్పుకొనవలసి యుండును. వేసవి తొలి జల్లులకు కాఫీ తోటలు తెల్లగా పూచి మల్లెల వంటి పరిమళమును వెదజల్లును.

ఈ సీమ నేడు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నది. దానికి పాడేరు కేంద్రము. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, కోదులు, పోర్జలు, గదబలు మొదలైన తెగలవారు ఈ కొండలలో నివసించుచున్నారు. కొందరి మాట ఆదివాసి ఒడియా, కొందరిది కువి, కొందరిది గదబ. సంతలో అందరును తెలుగున మాటలాడుదురు.

చైత్రమాసమున వీరికి పెద్ద పండుగ వచ్చును. దీనిని ఇటుకల పండుగ యందురు. సరిహద్దున కావల కొరాపుట్ సీమలో ఇదియే చైత పొరబు. విత్తనములను దేవత ముందుంచి పూజించి, ఆ పిదపనే భూమిని విత్తుటకు సిద్ధపరతురు. పూర్వము పురుషులు గుంపుగా అడవికి వేటకు పోవుట, ఉత్తచేతులతో తిరిగివచ్చిన వారిని స్త్రీలు పేడనీళ్ళు చల్లి పరిహసించుట ఈ పండుగలో వేడుకగా నుండెడిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన నేడు వేట నిషిద్ధము. అయినను ఆటయు పాటయు నిలిచియున్నవి.

థింసా

ఈ కొండల ఆటకు థింసా యని పేరు. స్త్రీలు పదిహేను ఇరువదిమంది ఒకరి వీపు వెనుకగా మరియొకరు చేతులు పెనవేసికొని, ఒకే అడుగుగా వలయము తిరుగుదురు. ఊదు వాద్యములలో మోరి ముఖ్యమైనది; అది మన సన్నాయికి దగ్గరి చుట్టము. జోడుకొమ్ములు జంటగా ఊదబడును. డప్పు, తుడుము, కిరిడి అను చర్మవాద్యములు అడుగునకు ఆధారము.

థింసాలో అనేక భేదములున్నవి. బోడ థింసా గ్రామదేవత గౌరవార్థము ఆడునది. పొతర్ తోల థింసాలో ఆకులు కోయు పని అభినయింపబడును. భాగ్ థింసా పులి బారినుండి తప్పించుకొను ఉపాయమును చూపును. గొడ్డి బేట థింసాలో వంగుచు లేచుచు ఊగుచు ముందునకు పోయి వెనుకకు వత్తురు. కుండ థింసాలో భుజములతో ఒకరినొకరు త్రోసికొందురు. ఈ పేర్లను పరిశీలించినచో ఒక సంగతి స్పష్టమగును. ఇందులో ప్రతి అడుగును జీవనమున ఏదో యొక పనికి, ఒక భయమునకు, ఒక మ్రొక్కునకు కట్టుబడియున్నది. అది వినోదముగా పుట్టినది కాదు.

నా తప్పు

నేను ఆ గ్రామమునకు చేరునప్పటికి చైత్రము చివరకు వచ్చినది. పండుగ ముగిసినది. విత్తనముల పూజనాడు స్త్రీలు పాడు పాట యొకటి కలదని ఉపాధ్యాయుడు చెప్పియుండెను. దానికొరకే నేను వచ్చితిని. పండుగ ముగిసిన నేమి, పాట వారి నోట నున్నది కదా యని తలంచితిని. ఒక యింటి అరుగుపై కూర్చుండి గింజలు చెరుగుచున్న వృద్ధురాలి వద్దకు పోయి, ఆ పాట పాడుమని ఉపాధ్యాయుని ద్వారా అడిగించితిని. నా చేతిలో ఫోను సిద్ధముగా నున్నది. మరియొక చేతిలో నోటును కూడ పట్టుకొనియుంటినని చెప్పుటకు ఇప్పుడు సిగ్గుపడుచున్నాను.

ఆమె నా చేతుల వంక చూచినది. కోపగించలేదు. తెలుగుననే నాతో ఇట్లనెను: “అది ఇప్పుడు పాడేది కాదు బాబూ. విత్తనం బుట్టలో ఉన్నప్పుడే ఆ పాట. ఇప్పుడు విత్తనం చేలోకి పోయింది. ఎవరి కోసం పాడతాం?”

“నాకోసం పాడమ్మా, చాలా దూరం నుంచి వచ్చాను” అంటిని.

ఆమె నవ్వినది. “నీకోసం అంటే అది పాట కాదు గదా బాబూ. ఈ రాత్రి పక్క వీధిలో పెళ్ళి. అక్కడ పెళ్ళి పాట పాడతాం. కూర్చుని విను.”

ఆమె మాట మొదట నాకు నిరాకరణముగానే తోచినది. అది బోధయని పిదప తెలిసికొంటిని.

ఆ రాత్రి పెళ్ళివారి ముంగిట కూర్చుంటిని. మొదటి గడియ నా చెవి తన పాండిత్యమును వదలలేదు. ఈ మోరి ఏ స్వరముపై నిలుచుచున్నది, ఇది మన ఏ రాగమునకు దగ్గర, ఈ తుడుము దెబ్బ ఏ జాతిది యని వెదకుచుంటిని. దొరకిన పేరు అతుకలేదు, అతికిన పేరు నిలువలేదు. అర్ధరాత్రి దాటిన పిదప నా లెక్కలు అలసిపోయినవి. ఎదుట వలయము తిరుగుచున్నది. వృద్ధురాలి ప్రక్కన పదేండ్ల మనుమరాలు ఆమె నడుము పట్టుకొని అడుగు కలుపుచున్నది. తప్పినపుడు ముసలిచేయి ఆ పిల్లను మెల్లగా లాగి సరిచేయుచున్నది. ఎవరును నేర్పుట లేదు, ఎవరును నేర్చుకొనుచున్నట్లు లేదు. విద్య మాత్రము ఒక నడుమునుండి మరియొక నడుమునకు పోవుచున్నది. అప్పుడు మొదటిసారి నేను వింటిని.

కైశికము తెలుపు ధర్మము

ఆ రాత్రి నాకు కైశిక మాహాత్మ్యము జ్ఞప్తికి వచ్చినది. వరాహ పురాణమున వరాహమూర్తియే భూదేవికి చెప్పిన కథ యిది. తిరుక్కురుంగుడి చెంత చండాల కులమున పుట్టిన గాయకుడొకడు ప్రతిరాత్రియు స్వామి గుడి వెలుపల నిలిచి పాడుచుండెను. వైష్ణవ సంప్రదాయము అతనిని నంపాడువాన్, అనగా ‘మన పాటగాడు’ అని ప్రేమతో పిలిచినది. కైశిక ఏకాదశి రాత్రి అతడు పాడుటకు పోవుచుండగా బ్రహ్మరాక్షసుడొకడు పట్టుకొన్నాడు. పాడి తిరిగి వత్తునని ప్రమాణములు చేసి, అతడు పోయి రాత్రియంతయు పాడి, ఆడినమాట తప్పక తిరిగి వచ్చెను. అప్పుడు రాక్షసుడు అతనిని తినుట మాని, పాటల ఫలమును ఇమ్మని యాచించెను. మొదట అంగీకరింపక, తుదకు కైశిక రాగమున పాడిన చివరి పాట ఫలమును అతడు ధారపోయగా రాక్షసునకు శాపవిముక్తి కలిగెను. ఆ రాక్షసుడు పూర్వజన్మమున యజ్ఞమునందు దోషము చేసిన బ్రాహ్మణుడు.

ఈ కథలో మనము తరచుగా గమనింపని అంశమొకటి కలదు. నంపాడువాన్ తన ప్రాణము పోవు సమయమునను పాట యొక్క కాలమును తప్పలేదు. ఆ రాత్రి పాడవలసినది ఆ రాత్రియే పాడెను. రాక్షసుడు కోరినంతనే దాని ఫలమును ఇచ్చివేయలేదు. పాట అమ్ముకొను వస్తువు కాదని అతడెరుగును. అరకు వృద్ధురాలు ఆ కథను విన్నదో లేదో నేనెరుగను. అందలి ధర్మము మాత్రము ఆమెయెడ నున్నది. సింహాచలమున వెలసినవాడు వరాహ నృసింహుడు. భూదేవికి ఈ కథ చెప్పిన వరాహమూర్తి పేరును ధరించిన స్వామి యేలు కొండల వరుసలోనే, భూమిని నమ్ముకొన్న స్త్రీ నాకు ఆ పాఠము చెప్పుట నాకు భాగ్యముగా తోచినది.

ఇట్లు చెప్పుటలో ఒక జాగ్రత్త అవసరము. కొండవారి దేవతలకు మన పేర్లు పెట్టి, వారి పాటను మన సంప్రదాయమున కలుపుకొనుట గౌరవము కాదు. వారి తల్లి వారి తల్లియే. అంతర్యామి సర్వత్ర ఉన్నాడని నమ్మువారికి ఆ పేరు మార్చవలసిన అవసరము కూడ లేదు.

రేకులపై నిలిచినది, నిలువనిది

మరియొక దృష్టాంతము మన యింటిలోనిదే. అన్నమాచార్యులు (1408–1503) ముప్పదిరెండు వేల సంకీర్తనలు రచించిరని ప్రతీతి. తిరుమల ఆలయమున సంకీర్తన భాండారములోని రాగిరేకులు 1922లో వెలికివచ్చినవి. మనకు దక్కినవి ఆ సంఖ్యలో సగము కంటె తక్కువ. రేకులపై సాహిత్యమున్నది, రాగము పేరున్నది. ఆయన నోట ఆ పాట ఏ నడకలో సాగెనో చూపు స్వరము లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన విద్వాంసులు మరల స్వరపరచుట వలననే నేడు మనము పాడుకొనగలుగుచున్నాము.

రాగి నాలుగు వందల యేండ్లకు పైగా మాటను కాపాడినది. వరుసను కాపాడలేకపోయినది. వరుసను కాపాడగలిగినది ఒక నోటినుండి ఒక చెవికి సాగు పరంపర మాత్రమే. అది ఒక తరమున తెగినచో తిరిగి అతుకదు. అన్నమయ్య స్వయముగా జాజరలు, ఏలలు, సువ్వి పాటలు, గొబ్బి పాటలు, తుమ్మెద పదముల వరుసలను పల్లెల నుండి గ్రహించెను. దంపుచు, విత్తుచు పాడుకొను స్త్రీల చెంత ఆయన చెవి నిలువకున్నచో ఆ సంకీర్తనలు పుట్టియుండెడివి కావు. పదకవితా పితామహుడు మొదట గొప్ప శ్రోత.

కొండ పాటకు రాగిరేకు కూడ లేదు. మాటయు వరుసయు రెండును కంఠములోనే యున్నవి. పదేండ్ల మనుమరాలు పట్టుకొన్న నడుమే దానికి భాండారము.

నిజరూప దర్శనము

వైశాఖ శుద్ధ తదియకు తిరిగి సింహాచలము చేరితిని. ఏడాది పొడవునను చందనపు పూతలో నుండు స్వామి అక్షయ తృతీయ నాడొక్కనాడే నిజరూపమున దర్శనమిచ్చును. నాటి రాత్రి అభిషేకానంతరము మరల మూడు మణుగుల చందనమును సమర్పింతురు. తరువాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందు మూడేసి మణుగులు.

వరుసలో గంటలకొలది నిలిచియున్న జనమును చూచితిని. ఒక్క క్షణపు దర్శనమునకై ఎచ్చటనుండియో వచ్చినారు. నిన్న రానేల, రేపు రాకూడదా యని ఎవరును అడుగుట లేదు. స్వామి తన దినమున కనబడును. మనము ఆ దినమునకు వత్తుము. నా కొరకు ఈ రోజే చందనము తొలగింపుడని నోటు చూపి అడిగినవానిని మనమేమందుము? కొండ మీద నేను చేసినది సరిగా అదియే. పాటకును ఒక నిజరూపమున్నది, దానికొక దినమున్నది. తక్కిన దినములలో అది చందనపు పూతలో నుండును. ఈ సంగతి ఆ వరుసలో నిలిచియుండగా నాకు తేటతెల్లమైనది.

పాడేరు జాతర

మే నెలలో పాడేరున మోదకొండమ్మ జాతర జరుగును. మన్యపు ఊళ్ళనుండియు, ఒడిశా వైపునుండియు జనము వత్తురు. అమ్మవారిని శతకంపట్టు వద్దకు తెచ్చి నిలిపి సేవింతురు. నేను పోయిన నాడు ఒక వైపు థింసా వలయములు, మరియొక వైపు ధ్వనివర్ధకములలో సినిమా పాటలు. నా చెవికి కష్టముగానే యుండినది. అయినను ఒక మూల మోరి ఊదు ముసలివాని చుట్టును పదునైదుమంది యువతులు, ఆ గోల తమకు పట్టనట్లు, తమ అడుగు తాము వేయుచుండిరి. వారు మన కొరకు ఆడుట లేదు. అమ్మకు చెల్లింపవలసినది చెల్లించుచున్నారు.

అరకులో విహారయాత్రికుల యెదుట కూడ థింసా ఆడుదురు. దానిని నిరసింపరాదు. అందువలన కొన్ని కుటుంబములకు రెండు రూకలు లభించుచున్నవి, దూరపువారికి ఆ కళ పేరైనను తెలియుచున్నది. కాని అరగంటలో ముగియు ఆ ప్రదర్శనమే థింసా యని తలచుట, ఉత్సవమూర్తి చిత్రపటమును చూచి క్షేత్రదర్శనమైనదని తలచుట వంటిది.

శ్రోతకు నియమములు

ఆ వేసవి నాకు నేర్పిన నియమములను క్లుప్తముగా మనవి చేయుచున్నాను. గృహస్థులు తమ పిల్లలకు చెప్పదగినవి.

1. పాటను దాని కాలమున వినవలెను. పండుగ పాట పండుగనాడు, మేలుకొలుపు వేకువజామున.

2. మొదలునుండి చివరవరకు కూర్చుండవలెను. మన చెవి నిశ్శబ్దమగుటకే చాలసేపు పట్టును.

3. తెలిసినదానితో పోల్చుట మానవలెను. పోలిక తరువాత వచ్చిన తప్పులేదు, ముందు వచ్చినచో పాట వినబడదు.

4. అనుమతి లేక యంత్రమున బంధింపరాదు. అనుమతి యిచ్చినను, మొదటిసారి చెవితోనే వినవలెను.

5. పాడినవారికి గౌరవము చూపవలెను. ఇచ్చునది ఆతిథ్యమునకు కృతజ్ఞతగా ఇవ్వవలెను గాని, పాటకు వెలగా కాదు.

6. ఇంటిలో పెద్దలు పాడు మంగళహారతి, లాలి, దంపుళ్ళ పాట ఏదైనను ఉన్నచో పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టి వినిపింపవలెను. కొండవారి పాటకు కలుగు ఆపద మన యింటి పాటకు ఏనాడో కలిగినది.

మరుసటి చైత్రము

మరుసటి యేడు పండుగకు ముందే ఆ గ్రామమునకు పోయితిని. ఫోను ఉపాధ్యాయుని ఇంట విడిచితిని. వృద్ధురాలు నన్ను గుర్తుపట్టి, “వచ్చావా బాబూ, ఇప్పుడు విత్తనం బుట్టలోనే ఉంది” అనెను. వరి, చోడి, సామ గింజలున్న బుట్టలు దేవత ముందుంచబడినవి. స్త్రీలు వరుసగా నిలిచిరి. ఆమె గొంతెత్తినది, మనుమరాలు అందుకొన్నది. పిల్ల ఒక యేడు పెరిగినది, అడుగు తప్పలేదు.

ఆ పాట మాటలు ఇచ్చట వ్రాయను. అవి నావి కావు. వినుటకు మాత్రము నాకు అనుమతి దొరకినది, అదియే నాకు చాలును. ఆ యేడు ఆషాఢ పూర్ణిమ ముందునాడు వేలమంది భక్తులతో కలిసి సింహాచల గిరిప్రదక్షిణము చేయుచుండగా తొలి వాన పడినది. ముప్పదిరెండు కిలోమీటర్ల ఆ నడకలో నా పెదవి స్వామి నామమును పలుకుచుండెను. చెవి మాత్రము కొండ మీది ఆ ముసలి గొంతును వినుచుండెను. చేలలో ఆ విత్తనము ఈ వానకు మొలకెత్తుచుండునని తలంచితిని. రెండును ఒక్క సేవయే యని నాకు తోచినది.

శ్రవణమే తొలి మెట్టు. ఆ మెట్టుపై నిలుచు వినయమును శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి మనకందరకు ప్రసాదించుగాక.